మా బావగారు ఇచ్చిన కోటు

మా బావగారిని ఊళ్ళో అందరూ పెద్దచెయ్యి అంటారు. ఎదుటివాడు కష్టంలో ఉంటే చూస్తూ ఊరుకోలేడని, ఆయన చేతికి ఎముక లేదని చెప్పుకుంటారు. నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చి చాలా కాలమైంది. ఆయన ఇవ్వడం కళ్ళారా చూసినదాన్ని కాబట్టి ఆ మాట అబద్ధమనను. ఆయన ఏమేం ఇచ్చాడో కూడా వరసగా చెప్పగలను. వాటిలో ఆయన సొంతది ఒక్కటీ లేదు, అంతే.

మా అత్తయ్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే కథ ఒకటుంది. బావగారు చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే దారిలో ఓ పిల్లాడు మండుటెండలో చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడట. ఈయన గుండె నీరైపోయి, వెంటనే చెప్పులు విప్పించి వాడికి ఇచ్చేశాడట. విప్పించి అన్న మాట గమనించాలి. విప్పించింది పక్కన నడుస్తున్న తమ్ముడి చేత. ఆ తమ్ముడే మా ఆయన. మా ఆయన బొబ్బలెక్కిన కాళ్ళతో ఇల్లు చేరాడు. "చిన్నప్పట్నుంచీ వాడి మనసు వెన్న" అని అత్తయ్య కళ్ళు ఒత్తుకుంటుంది. బొబ్బల సంగతి ఆ కథలో రాదు. అది నాకు మా ఆయన చెబితే తెలిసింది.

పెద్దయ్యాక చెయ్యి ఇంకా పెద్దదైంది. మామగారు వదిలిపోయిన పైపులు, కుళాయిల కొట్టు ఉంది. అందులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చునేది మా అక్క, అంటే ఆయన భార్య, నా తోటికోడలు. ఆయనకి సంఘాలు, సభలు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా గొడుగు ఎవరో దారిన పోయే ముసలమ్మకి ఇచ్చేశాడు. మా ఆయన సైకిలుని, వానాకాలం అంతా తిరగాల్సిన ఉద్యోగం పాపం అని, పోస్ట్‌మాన్‌కి ఇచ్చేశాడు. మా ఆయన ఇళ్ళకి రంగులు వేస్తాడు. రంగు డబ్బాలు బుజాన వేసుకుని ఆ వానాకాలమంతా నడిచే తిరిగాడు. ఓసారి రక్తదాన శిబిరం పెట్టించాడు బావగారు. రక్తం ఎంత గొప్పదో మైకులో చెప్పి చెప్పి గొంతు ఆరిపోయి, "మా ఇంటి నుంచే మొదలు పెడదాం" అని తమ్ముణ్ణి మంచమెక్కించాడు. ఆఖరికి రక్తం కూడా తమ్ముడిదే. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. మా ఇంట్లో అల్లుడి అవసరమే లేకపోయింది.

ఎప్పుడైనా నేను నోరు తెరవబోతే అత్తయ్య అడ్డుపడేది. "ఇచ్చేశాడుగా, ఇంకెందుకు? పెద్దవాడు ఇచ్చింది వెనక్కి అడిగితే ఇంటికి మంచిది కాదు" అనేది. అది మా ఇంటి చట్టం. మా ఆయన తలొంచుకుని గోడకేసి చూసేవాడు. గోడలు చూడ్డం ఆయనకి వృత్తి కూడా.

నేను దర్జీ పని చేస్తాను. కింది వీధిలో, ఏటికి దగ్గర, ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. ఎవరు బట్ట తెచ్చినా ఓ పేలిక మీద వాళ్ళ పేరు రాసి లోపలి వైపు నాలుగు కుట్లు వేస్తాను. చిన్న చిన్న కాగితాలు పెడితే ఎగిరిపోతాయి, కుట్టింది పోదు. నా దగ్గర ఇచ్చిన బట్ట ఎవరిదీ ఎప్పుడూ మారిపోలేదు. నాకున్న పరువల్లా అదే.

ఏరు పొంగిన రోజు నీళ్ళు వీధిలోకి వచ్చేసరికి నాకు తోచింది ఒక్కటే, గిరాకీల బట్టలు. ఇంటివాళ్ళ మేడ మీదకి మూటలు మోశాను. మా ఆయన మిషను తల ఊడదీసి పసిబిడ్డలా ఎత్తుకుని మెట్లెక్కాడు. ఆఖరి మూట పైకి చేర్చి కిందకి చూస్తే మా వెనక గది మునిగిపోయింది. పరుపు, గిన్నెలు, మా ఇద్దరి బట్టలు, అన్నీ అందులోనే. ఒంటి మీద ఉన్నవే మిగిలాయి. అయినా పెద్దగా ఏడుపు రాలేదు. ఊళ్ళోవాళ్ళవి ఊళ్ళోవాళ్ళకి ఇవ్వగలను కదా అనుకున్నాను.

ఆ మూటల్లో ఒక కోటు ఉంది. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మది. అంటే ఆవిడ భర్తది. ఆయన రైళ్ళలో గార్డుగా చేసి పోయాడు. ముదురు నీలం ఉన్ని కోటు, బరువుగా ఉంటుంది. కుడి జేబు అంచు అరిగిపోయి ఉంది, ఎప్పుడూ చెయ్యి అందులో పెట్టుకునేవాడట. వాళ్ళమ్మాయికి ఎక్కడో కొండల్లో, చలి ఊళ్ళో చదువుకి సీటు వచ్చింది. ఆ కోటుని పిల్ల కొలతలకి కత్తిరించి కుట్టమని నర్సమ్మ తెచ్చింది. "కొత్తది కొనొచ్చు. కానీ అది వాళ్ళ నాన్నది వేసుకునే వెళ్తానంటోంది" అంది. బల్ల మీద పెట్టి చేత్తో ఓసారి నిమిరి వెళ్ళింది. వరద తగ్గి బస్సులు తిరగడం మొదలవగానే పిల్ల ప్రయాణం. ఈలోగా నేను కుట్టాలి.

నీళ్ళు తీశాక మోకాలి లోతు బురద మిగిలింది. మెరక మీద ఉన్న బడిలో సహాయ కేంద్రం పెట్టారు. మేమూ అందులోనే ఒక గదిలో సర్దుకున్నాం. బావగారి ఇల్లు పై వీధిలో పొడిగా ఉంది, రెండు గదులు ఖాళీ. ఒకటి సహాయం చేయడానికి నగరం నుంచి వచ్చే అతిథులకి అట్టే పెట్టాడు, రెండోది సంఘం సామాన్లకి. తమ్ముడికి చోటు లేకపోయింది. "మన ఇంట్లోవాళ్ళే పై గదుల్లో పడుకుంటే జనం ఏమనుకుంటారమ్మా?" అన్నాడు నాతో. జనం ఆ మాట విని ఆహా అన్నారు.

కేంద్రానికి ఆయనే అధ్యక్షుడు. పసుపు రంగు జాకెట్టు, మెడలో ఈల, చేతిలో మైకు. బురద ఎత్తింది ఊరు ఊడ్చే కార్మికులు, నీళ్ళలోంచి మనుషుల్ని లాగింది అగ్నిమాపక దళం వాళ్ళు. వాళ్ళు పని చేసి ఓ మూల కూర్చుని బ్రెడ్డు తినేవారు. ఈయన ఈల ఊది జనాన్ని వరసలో నిలబెట్టేవాడు. ఎవరైనా కెమెరా పట్టుకుని ఆలస్యంగా వస్తే, దుప్పట్లు తీసుకున్నవాళ్ళని మళ్ళీ వరసలోకి పిలిచి, వాళ్ళ దుప్పట్లే వాళ్ళ చేతుల్లోంచి తీసుకుని, వాళ్ళకే ఇచ్చేవాడు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. ఒక ముసలమ్మ రెండోసారి తన దుప్పటి ఇవ్వనని మొండికేసింది. "నాకిచ్చారుగా, మళ్ళీ ఎందుకు లాక్కుంటారు?" అని అరిచింది. ఆమెకి కృతజ్ఞత లేదని సాయంత్రం సభలో చెప్పాడు.

దానంగా వచ్చిన బట్టలు కూడా చూడాలి. ఒంటికాలి బూట్లు, మెరుపులు కుట్టిన పార్టీ గౌన్లు, ఈతకొట్టే చెడ్డీలు, ఓ బస్తా నిండా టైలు. ఇల్లు కొట్టుకుపోయినవాడు టై కట్టుకుని ఏ గుమ్మంలో నిలబడాలో పంపినవాళ్ళకే తెలియాలి. వెచ్చటి బట్టలున్న లారీ మాత్రం తెగిన వంతెన అవతల ఆగిపోయింది.

నేను గిరాకీల బట్టలన్నీ బడి కుళాయి దగ్గర ఉతికి, ముక్కిన వాసన పోయేదాకా జాడించి, వెనక వరండాలో తాడు కట్టి ఆరేశాను. కోటుని ఉతకలేదు. దుమ్ము దులిపి గాలికి పెట్టానంతే. అప్పటికింకా దాని మీద సుద్ద గీతలే, కత్తెర పెట్టలేదు. తర్వాత మిషను బల్ల మీది బురద కడగడానికి కొట్టుకి వెళ్ళాను. వచ్చి చూస్తే వరండాలో తాడు ఒక్కటే ఉంది.

ముందు దొంగలనుకున్నాను. బడి ముందు వైపుకి వచ్చేసరికి సంగతి తెలిసింది. ఆసుపత్రిలో చీపురు పట్టే అబ్బాయి బ్యాంకు మేనేజరు ప్యాంటు వేసుకున్నాడు. పండ్లమ్మే ఆవిడ డాక్టరుగారి కోడలి గౌను వేసుకుంది. కాలరు దగ్గర నేను కుట్టిన పేలికలు తెల్లగా కనబడుతూనే ఉన్నాయి. బావగారు అతిథులకి టీ ఇప్పిస్తున్నాడు.

"బావగారూ, వెనక తాడు మీద బట్టలు..." అన్నాను.

"ఇచ్చేశామమ్మా" అన్నాడు, నేను మెచ్చుకోవడానికే వచ్చినట్టు. "లారీ రాలేదు. పెద్దవాళ్ళు అంత దూరం నుంచి పడవెక్కి వచ్చారు. జనం చలికి వణుకుతున్నారు. ఏం చెయ్యమంటావు? మనింటివే కదా అని తీసేశాను."

"మనవి కాదు. గిరాకీలవి. అన్నిటి మీదా పేర్లు కుట్టి ఉన్నాయి."

"వరదకి పేర్లు తెలుసా అమ్మా? నాదీ నీదీ అని చూసుకునే సమయమా ఇది?"

"సరే, నేనే వెళ్ళి అడిగి తెచ్చుకుంటాను."

ఆయన టీ కప్పు కింద పెట్టి, గొంతు తగ్గించాడు. "పిచ్చిపని చెయ్యకు. చేతుల్లో పెట్టింది గుంజుకుంటే కేంద్రం పరువు పోతుంది. అమ్మని అడుగు, మనింట్లో ఆ పద్ధతే లేదు."

పక్కనే ఉన్న అత్తయ్య అవునన్నట్టు తలూపింది. మా ఆయన గోడ వైపు తిరిగాడు. నా ఒళ్ళు భగ్గుమంది. పేరు కుట్టి ఉన్న బట్టని చూసి కూడా చూడనట్టు పంచిపెట్టగలిగిన మనిషికి పరువు గురించి ఎంత బెంగో! ఆయన సిగ్గుపడతాడేమోనని ఆయన మొహంలోకి చూశాను. ఎక్కడా లేదు. ఆ కళ్ళల్లో దయ నిండుగా ఉంది. ఆ దయ చూస్తేనే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

మిగతా గిరాకీలతో ఎలాగో సర్దుకున్నాను. కొందరు వరదలోనే పోయిందనుకుంటాంలే అన్నారు, కొందరు నాలుగు మాటలు అన్నారు, పడ్డాను. బ్యాంకు మేనేజరు మాత్రం ఆసుపత్రి అబ్బాయి వెనక వీధంతా పరిగెత్తాడు. కానీ నర్సమ్మకి ఏం చెప్పాలి? చచ్చిపోయినవాడి కోటు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

గదులన్నీ వెతికితే ఆఖరి గదిలో కనబడింది. తాళాలు బాగుచేసే తాత వేసుకుని కూర్చున్నాడు. ఏటి ఒడ్డున ఉండే అతని గుడిసె ఆనవాలు లేకుండా పోయింది. సన్నటి మనిషి. ఆ కోటులో తల ఒక్కటే బయటకి కనిపిస్తోంది. ఆ కోటు పొరపాటున పంచారని, వెనక్కి కావాలని తడబడుతూ చెప్పాను.

"మీదా అమ్మా?" అన్నాడు. "నాకిచ్చినప్పుడే అనుకున్నాను. ఇంత మంచి కోటు తెలిసి ఎవరూ ఇవ్వరని." అంటూనే గుండీలు తీయడం మొదలుపెట్టాడు. లోపల ఏమీ లేదు. ఉత్త ఒళ్ళు. పక్కటెముకల మీద చర్మం వణుకుతోంది.

"ఆగు తాతా, ఆగు. నీకింకోటి తెచ్చిచ్చాకే ఇద్దువుగాని" అన్నాను.

మాకు ఇవ్వడానికి ఏముంది? తిన్నగా పై వీధికి, బావగారింటికి వెళ్ళాను. మా అక్క కొట్టు మూసి అప్పుడే వచ్చినట్టుంది, చేతులకి ఇంకా పైపుల గ్రీజు ఉంది. నేను చెప్పిందంతా విని, లేచి ఆయన బీరువా తెరిచింది. ఎన్ని బట్టలు! సభకొకటి, సన్మానానికొకటి. ఊరంతా బురదలో ఉంటే ఆ బీరువాలో ఒక్క మడత చెదరలేదు.

"ఏది కావాలో తీసుకో" అంది అక్క.

"ఆయన్ని అడక్కుండా ఇస్తే..."

"ఆయన ఎవరినడిగి ఇస్తున్నాడు?" అంది.

ఆ ఇంటికి వచ్చాక అక్క నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదలు. గోధుమ రంగు కోటు తీసి నా చేతిలో పెట్టింది. కిందటేడు నేనే కుట్టాను దాన్ని. ఆయన పొట్టకి సరిపోవాలని ముందు భాగం రెండుసార్లు విప్పి కుట్టాను. మంచి బట్ట, లోపల వెచ్చటి లైనింగు. వెళ్ళి తాతకి నా చేతులతో తొడిగి, నీలం కోటు తీసుకున్నాను. గోధుమ కోటు బుజాలు జారి అతని మోచేతుల దాకా వచ్చాయి. "ఇద్దరు పట్టేట్టున్నారమ్మా ఇందులో" అని నవ్వాడు తాత. నేను కొట్టుకి పరిగెత్తి కత్తెర పట్టుకున్నాను.

వాన వెలిసి, వంతెన మీద చెక్కలు పరిచి బస్సులు వదులుతారనగా ముందురోజు పొద్దున బడి ఆవరణలో సభ పెట్టాడు బావగారు. సహాయం చేసినవాళ్ళందరికీ కృతజ్ఞతట. కృతజ్ఞత చెప్పేదీ ఆయనే, అందుకునేదీ ఆయనే. అక్కా, నేనూ ముందు వరసలో కూర్చున్నాం, కూర్చోకపోతే అత్తయ్య ఊరుకోదు. పేపరు ఫోటోగ్రాఫరు ఇంకా రాలేదు కాబట్టి ప్రసంగం సాగుతూనే ఉంది. గేటు దగ్గర కెమెరా కనబడగానే, "బాధితుల్లో పెద్దవాణ్ణి ఒకర్ని వేదిక మీదకి రమ్మందాం" అన్నాడు. తాళాల తాతని పైకి తెచ్చారు.

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. ఎలాగూ ఆయన ఎవరి మొహమూ చూడడు కదా, కోటు మాత్రం ఏం చూస్తాడులే అనుకున్నాను. మొదట చూడలేదు. "ఈ పెద్దాయన ఒంటి మీది బట్ట చూడండి. ఇది మన కేంద్రం ఇచ్చిందే" అని మైకులో చెబుతూ తాత బుజం మీద చెయ్యేశాడు. మాట అక్కడ ఆగింది. కళ్ళు గుర్తుపట్టకపోయినా చెయ్యి గుర్తుపట్టింది.

మైకుతో ఆయనకి ఏళ్ళ స్నేహం. అరచేత్తో దాని నోరు మూసేశాడు. ముందు వరసలో ఉన్న మాకు తప్ప ఎవరికీ వినబడలేదు.

"ఇది నా కోటు. నీకెవరిచ్చారు?"

"దర్జీ అమ్మ ఇచ్చిందయ్యా."

"విప్పు."

తాత ఒక్కసారి అయోమయంగా చూశాడు. తర్వాత గుండీలు తీశాడు. విప్పి, మర్యాదస్తుడు కదా, చేతులు లోపలికి మడిచి, పద్ధతిగా అందించాడు. బావగారు రెండు చేతులా అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫరు ముందుకొచ్చి ఫ్లాష్ కొట్టాడు. బావగారు మైకు మీంచి చెయ్యి తీసి, "ఈ తాతగారికి ఇంతకంటే మంచి కోటు ఏర్పాటు చేస్తున్నామని సంతోషంగా తెలియజేస్తున్నాను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎండు రొమ్ముతో వేదిక మీద నిలబడ్డ తాత, అందరూ కొడుతున్నారు కదా అని తనూ కొట్టాడు.

నాకు అక్కడ కూర్చోవడం చేతకాలేదు. లేచి కొట్టుకి వచ్చేశాను. నర్సమ్మ, కూతురు అప్పటికే గుమ్మంలో ఉన్నారు. పిల్లకి కోటు తొడిగి అద్దం ముందు నిలబెట్టాను. అద్దం సగానికి బురద చార ఇంకా పోలేదు. పిల్ల కుడి జేబులో చెయ్యి పెట్టుకుంది. నేను ఆ అరిగిన అంచుని అలాగే ఉంచాను, మార్చలేదు. నర్సమ్మ మొహం అటు తిప్పుకుంది.

అప్పుడు వచ్చాడు తాత.

"అమ్మా, ఆయన కోటు ఆయన తీసుకున్నాడు" అన్నాడు గుమ్మం బయట నుంచే. "ఇంకా మంచిది ఇస్తామన్నారు, ఎప్పుడిస్తారో తెలీదు. అందాకా నాకు ముందిచ్చిన ఆ నీలందుంటే ఇస్తావా?"

నేను పిల్లకి అడ్డంగా నిలబడ్డాను. "లేదు తాతా" అన్నాను.

అతను నా వెనక అద్దంలోకి చూశాడు. కోటు కనబడింది. నీలం కోటు, చిన్నదై, పిల్ల ఒంటికి కుదురుగా. "బాగుంది పాపకి" అన్నాడు. "సరేనమ్మా" అని వెనక్కి తిరిగాడు.

నా జన్మలో అంత నీచమైన మాట నా నోట రాలేదు. పోయినవాడి కోటు పిల్ల ఒంటి మీద నుంచి తీయలేను, బట్టల్లేని ముసలివాడికి మరోటి ఇవ్వలేను. ఇచ్చేవాడని పేరు ఆయనకి, లేదనే పాపం మాకు. ఇన్నేళ్ళూ మా ఇంట్లో జరిగింది ఇదే. నర్సమ్మ మాత్రం సంగతేమిటని నన్ను అడగలేదు. తాత వెనకే వెళ్ళి, అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయి, జ్వరం చూసి, మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పిందట. మర్నాడు పొద్దున్నే పిల్ల బస్సెక్కింది.

అదే పొద్దున పేపరు వచ్చింది. ఫోటో పెద్దది వేశారు. ఒకవైపు చొక్కాలో బావగారు, ఒకవైపు ఉత్త ఒంటితో తాత, నాలుగు చేతుల మధ్య కోటు. ఎవరు ఇస్తున్నారో, ఎవరు తీసుకుంటున్నారో ఫోటోలో తెలీదు. కింద మాత్రం స్పష్టంగా రాశారు, తన ఒంటి మీది కోటు విప్పి వృద్ధుడికి అందజేసిన దాత అని. సభలో కూర్చుని చూసినవాళ్ళు కూడా సాయంత్రానికి అదే నమ్మారు. అత్తయ్య ఆ కాగితం గోడకి అంటించి, నాతో, "మీ బావ ఒంటి మీది కోటు ఇచ్చాడు. నీ గుమ్మానికి వస్తే నువ్వు లేదన్నావట" అంది. "అన్నాను అత్తయ్యా" అన్నాను.

కొన్ని రోజులు పోయాక బావగారు నా కొట్టుకి వచ్చాడు. ఎన్నడూ రాని మనిషి. చంకలో పొట్లం. అటూ ఇటూ చూసి విప్పాడు. గోధుమ రంగు కోటు. దాన్ని తాతకి ఇచ్చింది నేనేనన్న సంగతి ఎత్తలేదు, ఎత్తితే వెనక్కి లాక్కున్న సంగతీ ఎత్తాలి.

"అమ్మా, వచ్చే నెల నగరంలో నాకు సన్మానం పెట్టారు" అన్నాడు. "అక్కడ చలి. ఇది వేసుకుందామంటే, చిక్కొచ్చి పడింది. ఫోటోలో అందరూ చూశారు. ఇచ్చేసిన కోటు మళ్ళీ ఎలా వచ్చిందంటారు. కాస్త కాలరు మార్చి, జేబుల తీరు మార్చి, గుర్తుపట్టకుండా కుట్టిపెట్టు."

నేను ఆయన మొహంలోకి చూశాను. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"ఆ తాత ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు, బావగారూ. ఆయనకే ఇచ్చేయకూడదూ?"

"ఇచ్చినట్టే కదమ్మా" అన్నాడు ఓపిగ్గా, పిల్లకి చెప్పినట్టు. "పేపర్లో కూడా పడింది. ఒకసారి ఇచ్చింది మళ్ళీ ఎలా ఇస్తారు?"

ఈ మనిషి అబద్ధమాడుతున్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అబద్ధం కూడా కాదు. ఆయన లెక్కలో తాత ఇప్పుడు వెచ్చగా ఉన్నాడు.

"అలాగే, బావగారూ" అన్నాను. "గుర్తుపట్టకుండానే కుడతాను."

ఆయన సంతోషంగా వెళ్ళాడు. నేను కోటు కుట్లన్నీ విప్పేశాను. కాలరు మార్చాను, జేబులు మార్చాను, మాట తప్పలేదు. పొట్ట కోసం వదిలిన బట్టంతా కత్తిరించేశాను. బుజాలు లోపలికి తెచ్చాను. చేతులు సన్నం చేశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. ఎవరి కొలతలో ఆయనకి అర్థమైంది. వద్దంటాడేమో అనుకున్నాను. లోపలికి వచ్చి కింద పడ్డ ముక్కలు ఏరి, మళ్ళీ అతకడానికి వీల్లేకుండా పొయ్యిలో పడేశాడు.

చెప్పిన రోజుకి బావగారు వచ్చాడు. కోటు అటూ ఇటూ తిప్పి చూసి, "భలే మార్చావమ్మా, నాకే గుర్తు దొరకడం లేదు" అన్నాడు. కుడి చెయ్యి దూర్చాడు. మోచేతి దగ్గర ఆగిపోయింది. లాగాడు, తిప్పాడు, ఊపిరి బిగపట్టాడు. మొహం ఎర్రబడింది.

"ఇది నాకు పట్టదు కదమ్మా!"

"పట్టదు, బావగారూ. తాతకి కుట్టాను."

ఆయన అరుస్తాడని చూశాను. వీధిలోకి ఓసారి చూశాడు. అరిస్తే ఏమని అరవాలి? ఊరంతా ఇచ్చాడనుకుంటున్న కోటు కోసం గొడవ చెయ్యాలి. మింగలేక, కక్కలేక, చెయ్యి బయటికి లాక్కుని వెళ్ళిపోయాడు.

నేను అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాను. తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. కోటు తొడిగి గుండీలు పెట్టాను. బుజాలు సరిగ్గా కూర్చున్నాయి. అతను మాత్రం చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, బిగుసుకుని, కోటు ముడత పడకుండా కూర్చున్నాడు.

"దీన్ని ఎవరూ వెనక్కి అడగరు కదమ్మా?" అన్నాడు.

"అడిగినా పట్టదు తాతా" అన్నాను.